రక్తం రాకపోతే నొప్పి లేనట్టేనా?
జీవాలకు, దూడలకు విత్తు కొట్టడం, కొమ్ములు కాల్చడం, వాతలు పెట్టడం – సంఘ సభ్యులకు కొన్ని సూచనలు

మన సంఘాలలో పాలు పోసే సభ్యులు చాలామందికి గేదె ఒక్కటే ఆధారం కాదు. పాకలో ఒకటి రెండు గేదెలు, వాటి దూడలు, దొడ్డిలో నాలుగైదు గొర్రెలో మేకలో కూడా ఉంటాయి. గేదె పూటపూటకూ రాబడి ఇస్తే, జీవాలు అవసరానికి ఆదుకుంటాయి. పిల్ల పెళ్ళికో, పిల్లవాడి చదువుకో ఒక పొట్టేలును అమ్మితే చేతిలో డబ్బు ఆడుతుంది. కాకినాడ జిల్లా ఉప్పాడ వైపు ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ సముద్రపు కోత ఏటా ఒడ్డును తినివేస్తున్నది. ఇళ్ళు, దారులు, ఖాళీ స్థలాలు కడలిలో కలిసిపోయాయి. మేతకు జాగా తగ్గినచోట పెద్ద పశువులను పెంచడం కష్టమై, చిన్న జీవాలమీద ఆధారపడడం సహజం. లోపలి వైపు ఏలేరు ఆయకట్టులో వరి కోతలు అయిన తరువాత గొర్రెల మందలు చేలలో దిగుతాయి. రైతులు ఎరువు కోసం తమ పొలాలలో మంద కట్టించుకుంటారు. అందుచేత ఈ పత్రికలో గొర్రెపిల్లను గురించి రాయడం అసందర్భం కాదని తలుస్తాము.

సహకార తనిఖీకి వెళ్ళినప్పుడు మేము చూసేవి నగదు పుస్తకం, పాల పట్టీ, వెన్న శాతం, సభ్యుల బకాయిలు, మినిట్సు పుస్తకం. దూడకు కలిగిన నొప్పి ఏ పట్టీలోనూ ఎక్కదు. కాని పుండు పడి దూడ చనిపోతే ఆ నష్టం సభ్యుని బకాయిగా మారి అదే పుస్తకంలో కనిపిస్తుంది. మేము పశువైద్యులము కాము. వైద్యులు చెప్పినది, చట్టంలో ఉన్నది, గ్రామాలలో మేము గమనించినది ఒకచోట చేర్చి సభ్యులముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జీవాలకు, పశువులకు మనం మన అవసరంకోసం చేసే నొప్పి పనులు ముఖ్యంగా ఐదు. విత్తు కొట్టడం, కొమ్ములు తీయడం, ముకుతాడు వేయడం, వాతలు పెట్టడం, చెవికి గుర్తు వేయడం. వీటిలో కొన్ని అవసరమైనవి, కొన్ని అవసరం లేనివి. అవసరమైనవాటిని కూడా తక్కువ నొప్పితో చేయవచ్చు.

నొప్పిని ఎలా గుర్తించాలి?

ఉప్పాడ ప్రాంతంలో ఒక సంఘ సమావేశంలో ఈ విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడు ఒక సభ్యురాలు ఇలా అడిగింది: "రక్తం బొట్టు కూడా రాలేదండీ, పిల్ల అరవనైనా అరవలేదండీ. ఇంక దానికి నొప్పేంటండీ?" ఇది ఆమె ఒక్కరి సందేహం కాదు. చాలామంది కాపరులు, పాడి రైతులు ఇలాగే అనుకుంటారు. వారు దయలేనివారేమీ కాదు. మందలో ఏ గొర్రె నలతగా ఉన్నదో నడక చూసి చెప్పగల నేర్పరులు. అయినా రక్తాన్ని, అరుపును నొప్పికి కొలతగా పెట్టుకోవడంవల్ల పొరపాటు జరుగుతున్నది.

గొర్రె వేటకు గురయ్యే జాతి. తోడేలు, నక్క తిరిగే చోట బతికిన జీవం తన బలహీనతను బయటపెడితే మొదట అదే ఆహారమవుతుంది. కాబట్టి నొప్పి కలిగినప్పుడు అది కుక్కలా కేకలు పెట్టదు. కదలకుండా నిలబడిపోతుంది. నోరులేని జీవమని మనం ఊరికే అనడం లేదు. దాని నొప్పిని తెలుసుకోవాలంటే చూడవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. పిల్ల పదేపదే పడుకుని లేస్తుంది. వెనుక కాళ్ళతో పొట్టవైపు తన్నుకుంటుంది. పై పెదవిని వెనక్కు ముడుస్తుంది. పళ్ళు నూరుతుంది. వెనుక కాళ్ళు ఎడంగా పెట్టి బిగుసుకుని నడుస్తుంది. అన్నిటికంటె తేలికగా పట్టుకోగలిగిన గుర్తు తల్లి దగ్గర పాలు కుడవకపోవడం. ఒక పూట పాలు మానిన పిల్ల ఆ రోజు పెరగదు.

వైద్యశాస్త్రం మరొక గుర్తు చెబుతుంది. నొప్పి, భయం కలిగినప్పుడు శరీరంలో కార్టిసాల్ అనే పదార్థం రక్తంలో పెరుగుతుంది. రక్తం చిందకుండా విత్తు కొట్టిన గొర్రెపిల్లలలో, దూడలలో కూడా అది పెరుగుతుందని పరీక్షలలో తేలింది. తిమ్మిరి మందు ఇచ్చి చేసినప్పుడు అంతగా పెరగదు. కనుక రక్తం రానంత మాత్రాన నొప్పి లేదనుకోరాదు.

విత్తు కొట్టడం: మొదట అవసరమా అని చూడాలి

మన తీరప్రాంతంలో ఎక్కువగా కనిపించేది నెల్లూరు జాతి గొర్రె, దాని సంకరం. ఇది మాంసంకోసం పెంచే జాతి. పొట్టేలు పిల్లను ఆరు, ఎనిమిది నెలలలో అమ్మివేసేటట్టయితే దానికి విత్తు కొట్టవలసిన పని సాధారణంగా లేదు. విత్తు కొట్టని పిల్ల త్వరగా పెరుగుతుంది, మాంసంలో కొవ్వు తక్కువగా ఉంటుంది. చూలు కాకూడని ఆడపిల్లలనుండి విడిగా కట్టుకోగలిగితే చాలు. నొప్పి తగ్గించే మార్గాలలో మొదటిది ఖర్చు లేనిది: అవసరం లేని పని చేయకపోవడం.

మేకపోతులకు వాసన తగ్గడానికీ, చాలాకాలం మందలో ఉంచే పోతులు పోట్లాడకుండా ఉండడానికీ, నాసిరకం పోతులవల్ల మంద చెడిపోకుండా ఉండడానికీ, కోడెలను సేద్యానికి మలచడానికీ విత్తు కొట్టవలసి వస్తుంది. అప్పుడు వయస్సు, పద్ధతి రెండూ చూడాలి.

పాత పద్ధతిలో కోడెను పడగొట్టి, కాళ్ళు కట్టి, విత్తుల పైభాగాన్ని కర్రల మధ్య బిగించి రాతితోనో సుత్తితోనో నలగగొడతారు. గొర్రెపిల్లకు రెండు రాళ్ళు చాలునంటారు. కొందరు బ్లేడుతో కోసి తీస్తారు. నలగగొట్టిన చోట కండ చితికి వాచి, లోపల రక్తం గడ్డకట్టి, కొన్ని రోజులు నొప్పి తగ్గదు. కోసినచోట ఈగలు వ్రాలి పురుగులు పడతాయి. మట్టి, పేడ అంటితే ధనుర్వాతం వస్తుంది. ఆవులు, గేదెలకంటె గొర్రెలు, మేకలు ధనుర్వాతానికి తేలికగా లోనవుతాయి. ఆ ప్రాంతంలోనే ఒక సభ్యుని పొట్టేలు పిల్లకు రాళ్ళతో కొట్టగా, పైకి చిన్న గీరు తప్ప ఏమీ కనిపించలేదు. పదిరోజుల తరువాత పిల్ల కాళ్ళు కర్రల్లా బిగుసుకుని, దవడ పట్టేసి చనిపోయింది. ఆ సభ్యుడు దానిని దసరాకు అమ్ముదామని ఉంచుకున్నాడు.

ఇప్పుడు పశువైద్యశాలలలో వాడేది బర్డిజో పట్టకారు. ఇటలీలో బర్డిజో అనే ఆయన ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో తయారుచేసిన సాధనం ఇది. చర్మం తెగకుండా లోపలి విత్తు నాళాన్ని నలిపివేస్తుంది. నాళం నలిగితే విత్తుకు రక్తం అందదు. నెల, నెలన్నరలో విత్తు ముడుచుకుపోతుంది. పుండు లేదు కనుక పురుగుల భయం, ధనుర్వాతం భయం బాగా తగ్గుతాయి. పాత పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో మేలు. అయితే నొప్పి పూర్తిగా పోదు. నాళాన్ని నలిపే క్షణంలోనూ, తరువాత కొన్ని గంటలపాటూ బాధ ఉంటుంది.

బర్డిజో వాడేవారు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

రెండు నాళాలను విడివిడిగా పట్టాలి. ఒక వైపు పట్టిన గీత, రెండవ వైపు గీత ఒకే వరుసలో కలవకూడదు. కలిస్తే సంచి మొత్తానికి రక్తం ఆగి కుళ్ళిపోతుంది.

పట్టకారు అంచులు సరిగా కలవాలి. దీనికి తేలిక పరీక్ష ఉన్నది. రెండు మందపాటి కాగితాల మధ్య ఒక దారం పెట్టి పట్టకారును నొక్కాలి. దారం తెగాలి, కాగితం తెగరాదు. దారం తెగకపోతే నాళం నలగదు, పని మళ్ళీ చేయవలసి వచ్చి జీవానికి రెండుసార్లు నొప్పి. కాగితం తెగితే చర్మం కూడా తెగుతుంది.

పని అయిన తరువాత పట్టకారును తుడిచి నూనె రాసి, నోరు తెరిచి ఉంచాలి. మూసి పెడితే పట్టు సడలుతుంది. ఉప్పుగాలి తగిలే ఉప్పాడవంటి ఊళ్ళలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక ఈ శ్రద్ధ మరింత అవసరం.

కొట్టిన వెంటనే మగజీవం నిస్సారం కాదు. కొన్ని వారాలపాటు ఆడవాటితో కలపకూడదు.

రబ్బరు ఉంగరం వేసే పద్ధతి కూడా ఉన్నది. సంచి మొదట్లో బిగువైన ఉంగరం వేస్తే రక్తం ఆగి, కొన్ని వారాలలో సంచి ఎండి రాలిపోతుంది. ఇది చౌక, తేలిక. కాని ఉంగరం వేసిన మొదటి గంటలలో పిల్ల విపరీతంగా బాధపడుతుంది. రాలే ముందు ఏర్పడే పుండువల్ల ధనుర్వాతం భయమూ ఉంటుంది. బ్రిటన్‌లో పుట్టిన మొదటి వారం దాటిన గొర్రెపిల్లకు తిమ్మిరి మందు లేకుండా ఉంగరం వేయడం చట్టవిరుద్ధం. మన సభ్యులు బజారులో ఉంగరాలు కొనుక్కుని పెద్ద పిల్లలకు తామే వేయడం తగదు.

వయస్సు సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. చిన్న వయస్సులో చేస్తే గాయం చిన్నది, త్వరగా మానుతుంది. మనవాళ్ళు కోడె బాగా ఎదిగి మూపురం తిరిగేదాకా ఆగి, రెండు మూడేళ్ళకు కొట్టిస్తారు. అప్పటికి నాళం లావెక్కి, వాపు, బాధ ఎక్కువవుతాయి. సేద్యానికి ఉంచదలచిన కోడెను ఏ నెలలో చేయించాలో దూడగా ఉన్నప్పుడే డాక్టరును అడిగి నిర్ణయించుకోవడం మేలు. కాలం కూడా చూడాలి. వానాకాలంలో ఈగలు ఎక్కువ. కార్తీకంనుండి మాఘంవరకు చలిరోజులు ఇటువంటి పనులకు అనుకూలం.

తిమ్మిరి మందు, నొప్పి మందు

మనకు పన్ను పీకేముందు డాక్టరు చిగురుకు ఒక సూది వేస్తాడు. కాసేపట్లో అక్కడ తిమ్మిరి ఎక్కి, పీకినా తెలియదు. ఆ కుటుంబానికి చెందిన లిగ్నోకెయిన్ మందునే పశువులకూ వాడతారు. విత్తు నాళంలోనూ, సంచి చర్మంకిందా ఎక్కించి కొద్ది నిమిషాలు ఆగి పని చేస్తే, నలిపే క్షణపు బాధ చాలావరకు తగ్గుతుంది. ఆ కొద్ది నిమిషాలు ఆగడం ముఖ్యం. సూది వేసిన వెంటనే పట్టకారు పట్టితే మందు వేసినా వేయనట్టే.

ఈ మందును సభ్యులు సొంతంగా వాడరాదు. గొర్రెలు, మేకలు లిగ్నోకెయిన్‌ను ఎక్కువగా తట్టుకోలేవు. పెద్ద గేదెకు మామూలైన మోతాదు పది కిలోల పిల్లకు వణుకు తెప్పించి ప్రాణం తీయగలదు. బరువునుబట్టి మోతాదు నిర్ణయించడం, అవసరమైతే మందును పలుచన చేయడం డాక్టరు పని.

తిమ్మిరి ఒకటి రెండు గంటలలో దిగిపోతుంది. వాపు, నొప్పి ఆ తరువాత కూడా ఉంటాయి. అందుకు నొప్పి మందు ఉన్నది. మెలాక్సికామ్ సూదిమందు ఇందుకు బాగా వాడుకలో ఉన్నది, ఖరీదూ తక్కువే. ఇక్కడ ఒక హెచ్చరిక. డైక్లోఫినాక్‌ను పశువులకు వాడడం మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ మందు పడిన పశువు చనిపోతే దాని కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయేవి. కొద్ది సంవత్సరాలలో దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అదే కారణంగా 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫినాక్‌లను, ఆ తరువాత నిమెసులైడ్‌ను కూడా పశువులకు వాడకుండా నిషేధించారు. మనుషుల మందుల షాపులో దొరికే నొప్పి సూదిని తెచ్చి పశువుకు పొడిచే అలవాటు మానుకోవాలి. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని పరీక్షించి నిర్ధారించారు.

పాలిచ్చే గేదెకు, ఆవుకు ఏ కారణంచేతనైనా ఇటువంటి మందు వేయించినప్పుడు ఎన్ని పూటల పాలు కేంద్రానికి పోయకూడదో డాక్టరును అడిగి, ఆ సంగతి పాల పరీక్షకునికి చెప్పాలి. ఆ కొద్ది లీటర్లు దాచి పోస్తే నష్టపోయేది మొత్తం సంఘం పేరు.

కొమ్ములు, ముకుతాడు, వాతలు, చెవిపోగు

కొమ్ములు తీయడం గొర్రెలలో మనకు అవసరం లేదు. నెల్లూరు జాతిలో ఆడగొర్రెలకు సాధారణంగా కొమ్ములుండవు. ముర్రా గేదెకు మెలికల కొమ్ము జాతి లక్షణం కనుక ఎవరూ తీయించరు. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర దూడలకు మాత్రం పొడుచుకోకుండా కొందరు తీయిస్తారు. పుట్టిన కొద్ది వారాలలో, కొమ్ము మొగ్గ ఇంకా తల ఎముకకు అతుక్కోకముందే, తిమ్మిరి మందు ఇచ్చి కాల్చే పరికరంతో చేయించాలి. ఎదిగిన కొమ్మును రంపంతో కోస్తే లోపలి గుల్ల తెరుచుకుని, తలలోకి చీము చేరే ప్రమాదమున్నది. క్షారపు కడ్డీ రాసే పద్ధతిలో దూడ తలమీద వాన పడితే మందు కారి కళ్ళు పోతాయి, తల్లి పొదుగుకు తగిలితే పొదుగు కాలుతుంది.

ముకుతాడు ఎడ్లకే పరిమితం చేయాలి. రెండు ముక్కు రంధ్రాల మధ్య మెత్తని పొర ఉన్నచోట, శుభ్రపరచిన సూదితో, అలవాటున్న చేత్తో వేయించాలి. గట్టి మృదులాస్థిలో గుచ్చితే పుండు ఏళ్ళతరబడి రసి కారుతుంది. నైలాన్ తాడు ముక్కును కోస్తుంది. నూలు తాడు మెత్తన. మానేవరకు దానిని పట్టి లాగరాదు. సాధు పశువుకు తల చుట్టూ వేసే మోరతాడు చాలు.

వాతలు పెట్టడంవల్ల ఏ రోగమూ నయం కాదు. కుంటినడక, కడుపు ఉబ్బరం, గాలికుంటు, దూడ ఎదగకపోవడం ఇలా ప్రతిదానికీ కాల్చిన కర్రుతో వాత పెట్టే ఆచారం ఇంకా అక్కడక్కడ ఉన్నది. గాలికుంటు వైరస్‌వల్ల వచ్చే జబ్బు. దానికి నివారణ టీకా. దూడ ఎదగకపోతే చూడవలసింది కడుపులో ఏలిక పాములను. ఉన్న రోగానికి తోడు వాత ఒక పుండును చేర్చుతుంది. తోలు కూడా చెడుతుంది.

చెవిపోగు విషయంలో కొందరు సభ్యులు వెనుకాడుతున్నారు. పన్నెండు అంకెల పసుపు పోగు ఇప్పుడు టీకాల నమోదుకు, బీమాకు ఆధారమైనది. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటు టీకాలు ఈ అంకెమీదే నమోదు చేస్తున్నారు. చెవి మధ్యలో, నరాలకు తగలకుండా, శుభ్రం చేసిన చెవికి వేస్తే బాధ క్షణకాలం. చెవి కోసి గుర్తు పెట్టే పాత పద్ధతికంటె ఇది ఎంతో నయం. వేసిన తరువాత వారంరోజులు వేపనూనె రాస్తూ ఈగలు వ్రాలకుండా చూడాలి.

ఇతర దేశాలలో ఏమి జరిగినది?

ఈ సమస్య మన పల్లెలకే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలో ఉన్నికోసం పెంచే మెరినో గొర్రెకు చర్మం ముడతలు ముడతలుగా ఉంటుంది. తోకకింద ముడతలలో మలమూత్రాలు అంటి, ఈగలు గుడ్లు పెట్టి, పురుగులు బతికుండగానే గొర్రెను తినివేస్తాయి. దీనిని ఆపడానికి 1930 ప్రాంతంలో మ్యూల్స్ అనే గొర్రెల పెంపకందారు ఒక పద్ధతి కనిపెట్టాడు. పిల్లగా ఉన్నప్పుడే తోక చుట్టూ చర్మం ముక్కలను కోసివేస్తే, మానిన తరువాత అక్కడ ఉన్ని మొలవదు, ముడత ఉండదు. దీనిని ఆయన పేరుమీద మ్యూల్సింగ్ అంటారు. ఉద్దేశం గొర్రెను పురుగులనుండి కాపాడడమే. కాని చాలాకాలం ఏ నొప్పి మందూ లేకుండా లక్షలాది పిల్లలకు ఈ కోత పెట్టారు.

దీనిమీద పెద్ద వివాదం నడిచింది. న్యూజిలాండ్ 2018 అక్టోబరు 1 నుండి ఈ పద్ధతిని నిషేధించింది. ఆస్ట్రేలియాలో ఇంకా ఉన్నా, విక్టోరియా రాష్ట్రం 2020 జూలైనుండి నొప్పి మందు తప్పనిసరి చేసింది. కోసిన చోట చల్లే ఆ మందులో కూడా ముఖ్యమైనది పైన చెప్పిన లిగ్నోకెయినే. ముడతలు లేని గొర్రెలను ఎంపికచేసి సంతతి పెంచితే కోతే అవసరముండదని చాలామంది రైతులు ఆ దారి పట్టారు.

ఇందులో మనకు ఊరట కలిగించే విషయం ఒకటి ఉన్నది. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, వెంట్రుకలే. తోక పొట్టిది, సన్ననిది. తోక కోయడం, తోకకింద చర్మం కోయడం మనకు అక్కరలేదు. మన వాతావరణానికి తగిన జాతిని మన పెద్దలు నిలిపి ఉంచడమే ఇందుకు కారణం. ఎక్కువ బరువు వస్తుందని బయటి జాతులను తెచ్చి కలపదలచిన సభ్యులు, వాటితోపాటు వచ్చే ఇటువంటి అవసరాలను కూడా లెక్కలో వేసుకోవాలి.

చట్టం ఏమి చెబుతున్నది?

జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దీనికి ముందు రాజ్యసభలో సభ్యురాలైన రుక్మిణీదేవి అరండేల్ ఈ విషయమై సొంతంగా బిల్లు తెచ్చారు. చట్టం కింద 1962లో మద్రాసులో జంతు సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు ఆమే తొలి అధ్యక్షురాలు.

ఈ చట్టం 11వ సెక్షను జంతువులకు అనవసరమైన నొప్పి, బాధ కలిగించడాన్ని నేరంగా పేర్కొన్నది. అదే సెక్షనులో పశువుల కొమ్ములు తీయడానికి, విత్తు కొట్టడానికి, వాతగుర్తు వేయడానికి, ముకుతాడు వేయడానికి మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపుకు ఒక షరతు ఉన్నది: నిర్దేశించిన పద్ధతిలో చేయాలి. ఎవరిష్టం వచ్చినట్టు చేయవచ్చునని దాని అర్థం కాదు. మొదటిసారి నేరానికి జుల్మానా పదినుండి యాభై రూపాయలే. అది తక్కువని చట్టాన్ని తేలికగా తీసుకోవడం సంఘ సభ్యునికి తగదు.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసే హక్కు నమోదైన డాక్టర్లకే ఉన్నది. టీకాలు వేయడం, విత్తు కొట్టడం, గాయాలకు కట్టు కట్టడం వంటి చిన్న సేవలను, డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సహాయకులు డాక్టరు పర్యవేక్షణలో చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. అందుచేత ఊరూరా తిరిగి విత్తు కొట్టేవారిని పిలవడంకంటె పశువైద్యశాలనో, పశుసంవర్ధక సహాయకునో సంప్రదించడమే చట్టరీత్యా సరైన మార్గం.

2014 మే 7న సుప్రీంకోర్టు ఎడ్ల పందేల కేసులో తీర్పు ఇస్తూ, జంతువులకు ఐదు స్వేచ్ఛలను పేర్కొన్నది. ఆకలి దప్పులు లేకుండా, అసౌకర్యం లేకుండా, నొప్పి, గాయం, రోగం లేకుండా, భయం, ఆందోళన లేకుండా, తన సహజ నడవడితో ఉండడం అనేవి ఆ ఐదు. పందేల విషయమై తరువాత చట్టాలు మారినా, ఈ ఐదు మాటలు ప్రతి పాకకూ వర్తించదగినవి.

సంఘం ఏమి చేయగలదు?

ఇంతవరకు చెప్పినవి విని సభ్యులు అడిగే మొదటి ప్రశ్న మాకు తెలుసు: "రెండు పిల్లలకోసం డాక్టరు మా ఇంటికి వస్తాడా?" న్యాయమైన ప్రశ్న. ఒక్క సభ్యుడు ఒక్క పొట్టేలు పిల్లను పట్టుకుని పోతే రానూపోనూ ఖర్చు, ఆ రోజు కూలి రెండూ పోతాయి. దగ్గరలో రాయి దొరుకుతుంది. అందుకే రాయి గెలుస్తున్నది. ఒక్కరికి కష్టమైనది పదిమంది కలిస్తే సులువవుతుందన్న సూత్రంమీదే మన సంఘాలు పుట్టాయి. పాలకు పనికివచ్చిన సూత్రం దీనికీ పనికివస్తుంది.

చలికాలం మొదట్లో పాల కేంద్రం కార్యదర్శి ఒక కాగితంమీద, విత్తు కొట్టించవలసిన పిల్లలు, కోడెలు, కొమ్ము మొగ్గ తీయించవలసిన సంకర దూడలు ఎవరికెన్ని ఉన్నవో రాసుకోవాలి. సంఖ్య తేలిన తరువాత పశువైద్యశాల డాక్టరుతో మాట్లాడి ఒక తేదీ నిర్ణయించాలి. ఆ రోజు పాలు పోసే వేళకే జీవాలను కేంద్రంవద్దకు తోలుకువస్తే సభ్యులకు వేరే కూలి పోదు. తిమ్మిరి మందు, నొప్పి మందు, ధనుర్వాతం మందు ఎన్ని కావాలో డాక్టరు ముందే చెప్తాడు. సంఘం ఒకేసారి కొంటే తలకు పడే ఖర్చు తగ్గుతుంది. మందలతో తిరిగే కాపరులు సభ్యులు కాకపోయినా, ఆ రోజున వారి జీవాలనూ చేర్చుకోవడం మంచిది. మన పొలాలకు ఎరువు ఇచ్చే మందలు అవే.

తరువాత వారంరోజులు పాల పరీక్షకుడు పాలు కొలిచే సమయంలోనే ప్రతి సభ్యుని అడగాలి: పిల్ల పాలు కుడుస్తున్నదా, వాపు తగ్గుతున్నదా, కాలు బిగుసుకున్నదా. అనుమానమున్నచోట ఆలస్యం చేయకుండా డాక్టరుకు కబురు చేయాలి. 2022 మేనుండి రాష్ట్రంలో తిరుగుతున్న సంచార పశువైద్య వాహనాలను 1962 నంబరుకు ఫోను చేసి పిలవవచ్చు.

ఖర్చు విషయంలో ఒక మాట. సంఘ నిధినుండి మందులు కొనేముందు పాలకవర్గ తీర్మానం ఉండాలి, ఉపనిబంధనలు అనుమతించే పద్దులోనే ఖర్చు చూపాలి, బిల్లులు భద్రపరచాలి. మంచి పనే అయినా తీర్మానం లేని ఖర్చు ఆడిటులో అభ్యంతరమవుతుంది. సంఘాల సౌకర్యార్థం ఒక నమూనా ఇస్తున్నాము:

"సంఘ సభ్యుల దూడలకు, గొర్రెలకు, మేకలకు విత్తు కొట్టించడం, కొమ్ము మొగ్గలు తీయించడం పశువైద్యుని పర్యవేక్షణలో, తిమ్మిరి మందు, నొప్పి మందు వాడి మాత్రమే జరిపించుటకును, ఇందుకు ఏటా చలికాలంలో ఒక రోజు సంఘ కేంద్రంవద్ద శిబిరం ఏర్పాటు చేయుటకును, మందుల ఖర్చులో సంఘం భరించు భాగమును, సభ్యులు చెల్లించు భాగమును ఈ క్రింది విధముగా నిర్ణయించుటకును, రాతితో కొట్టుట, వాతలు పెట్టుట సభ్యులు మానుకొనవలెనని కోరుటకును ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

తీర్మానం రాసి సంతకాలు చేయడం తేలిక. దాని ఫలితం మినిట్సు పుస్తకంలో కనిపించదు. శిబిరం జరిగిన మరునాటి ఉదయం సభ్యులు తమ పాకలోకి వెళ్ళి, ముందురోజు మందు వేయించిన పిల్ల తల్లి పొదుగు దగ్గర తోక ఆడిస్తూ పాలు కుడుస్తున్నదా లేదా చూడాలి. కుడుస్తూ ఉంటే పని సరిగా జరిగినట్టే. మూలకు నిలబడిపోయి ఉంటే, ఒంటిమీద రక్తం బొట్టు లేకపోయినా సరే, దానికి నొప్పి ఉన్నదని తెలుసుకుని వెంటనే డాక్టరును పిలిపించాలి.